ఉప్పునీటి తొట్టి: ఈ నెల అంతా రాళ్ల గోలే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లైవ్ రాక్ గురించే, అంటే ఉప్పునీటి ట్యాంకులో పేర్చే చిల్లుల రాయి గురించే. పోయిన నెల క్లౌన్ చేపల గురించి రాసిన పుణ్యం కాబోలు, అందరికీ ఒక్కసారే ఉప్పునీటి ట్యాంకు మీద మనసు పడింది. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులు రాస్తున్నాను. మీ ఉత్తరం అచ్చులో లేదని అలగకండి, జవాబు ఇందులో ఎక్కడో ఉంటుంది.

ప్రశ్న: మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. 4 అడుగుల పొడవు, 1.5 వెడల్పు, 1.5 ఎత్తు ట్యాంకు చేయించాను. లైవ్ రాక్ కిలో ధర వింటే కళ్లు తిరిగాయి. సముద్రం పక్కన ఉండి రాళ్లు కొనడమేమిటని మావారు నవ్వుతున్నారు. తెన్నేటి పార్కు కింద, రుషికొండ దగ్గర నాచు పట్టిన రాళ్లు బోలెడున్నాయి. తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. మీవారిని ఏమీ అనలేను, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. 2008లో ఒక ఆదివారం జోడుగుళ్లపాలెం ఒడ్డున గోనెసంచి పట్టుకుని రాళ్లేరుతుంటే, వల ఆరేసుకుంటున్న పెద్దాయన కాసేపు చూసి, "ఏటమ్మా, చేపలొగ్గేసి రాళ్లట్టుకెళ్తన్నావేటి?" అన్నాడు. ఆ రోజు మోసుకొచ్చిన రాళ్లు ఇప్పుడు మా తులసి కుండీ చుట్టూ ఉన్నాయి. ట్యాంకులో పన్నెండు రోజులున్నాయంతే.

లైవ్ రాక్ అనే పేరే చిక్కు తెచ్చిపెడుతుంది. బతికి ఉండేది రాయి కాదు, అందులో కాపురముండేవి. అసలు సిసలు లైవ్ రాక్ అంటే చచ్చిపోయిన పగడాల అస్థిపంజరం, క్యాల్షియం కార్బొనేట్. పగలగొట్టి చూస్తే లోపలంతా మైసూర్‌పాక్ ముక్కలా చిల్లులు. ఆక్సిజన్ అందే పై చిల్లుల్లో ఉండే బ్యాక్టీరియా చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గానూ, దాన్ని నైట్రేట్‌గానూ మారుస్తుంది. మరీ లోపల, ఆక్సిజన్ చేరని గదుల్లో ఉండే ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా చేసి వదిలేస్తుంది. అంటే రాయే మీ ఫిల్టరు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఇలాంటి రాళ్లతో, గాలి బుడగలతో ట్యాంకు నడిపి 1961లో ఆ పద్ధతి గురించి రాశారు. తర్వాత బెర్లిన్ వాళ్లు దానికి స్కిమ్మరు, అంటే నీటిలోని మురికిని నురగగా లాగేసే పరికరం, జోడించారు. ఇవాళ మనం చేసేదంతా అక్కడి నుంచి వచ్చిందే.

మరి మన తీరంలో రాయి ఏమిటి? ఖోండలైట్. కైలాసగిరి అయినా యారాడ కొండ అయినా ఆ జాతే. భూమి లోతున వేడికీ ఒత్తిడికీ ఉడికిన గట్టి రాయి. క్వార్ట్జ్, గార్నెట్ లాంటి ఖనిజాలు బిగిసిపోయి ఉంటాయి. చిల్లుల్లేవు, కాబట్టి బ్యాక్టీరియాకు ఉండటానికి పైనున్న అరుగే తప్ప లోపల గది లేదు. పగుళ్లలో ఎర్రగా కనిపించేది ఇనుము తుప్పు, అది ట్యాంకులో మనకొద్దు. మీరు ముచ్చటపడ్డ ఆ నాచు అలల దెబ్బకు, ఎండకు, గాలికి అలవాటు పడింది. గాజు తొట్టిలో పెడితే వారంలో కుళ్లి నీళ్లు పాడుచేస్తుంది.

నమ్మకం కుదరకపోతే వంటింట్లో తెల్ల వెనిగర్ తీసుకుని రాయి మీద నాలుగు చుక్కలు వేయండి. కార్బొనేట్ రాయి అయితే బుసబుసా నురగ వస్తుంది. మన రుషికొండ రాయి ఉలకదు, పలకదు. దాని మీద అంటుకున్న గుల్లలు మాత్రం నురగ కక్కుతాయి, వాటిని చూసి మోసపోకండి. నేను మోసపోయాను.

నురగ ఒక్కటే చాలదు కూడా. పిడుగురాళ్ల సున్నపురాయికీ నురగ వస్తుంది, కానీ అది బండలా గట్టిది. అందుకని రెండో పరీక్ష: ఎండిన రాయి మీద నీటి చుక్క వేయండి. రస్కు మీద టీ చుక్క పడ్డట్టు చటుక్కున లోపలికి పోవాలి. జారి కిందికి కారిందంటే ఆ రాయి మనకు కాదు. చేతిలోకి తీసుకుంటే మరమరాల ఉండలా, కనబడే సైజు కన్నా తేలిగ్గా అనిపించాలి.

మీ ట్యాంకులో సుమారు 255 లీటర్లు పడతాయి. పాత లెక్క ప్రకారం లీటరుకు 120 గ్రాములు, అంటే 30 కిలోలు. అంత పేరిస్తే చేపలు తిరగడానికి చోటుండదు, గోడ కట్టినట్టుంటుంది. చిల్లులు బాగా ఉన్న రాయి అయితే 15 నుంచి 18 కిలోలు చాలు. మీవారి నవ్వు కూడా కొంత తగ్గుతుంది.

ప్రశ్న: సీతమ్మధార నుంచి రాస్తున్నాను. ఒక దుకాణంలో తడిగుడ్డల్లో చుట్టిన రాళ్లు చూపించారు. ఊదారంగు, మధ్యలో చిన్న చిన్న పురుగులు. "ఒరిజినల్ సార్, సముద్రం సరుకు" అన్నారు. బిల్లు మాత్రం ఇవ్వరట. కొనొచ్చా?

జవాబు: బిల్లు ఎందుకివ్వరో ఆలోచించారా? వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోది. రాతి పగడాలన్నిటినీ 2001లో దాని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, పులి ఉన్న షెడ్యూల్ అది. బతికిన పగడానికే కాదు, చచ్చిన ముక్కకూ అది వర్తిస్తుంది. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో రాయి ఊడబెరికి తెస్తే తెచ్చినవాడిదీ తప్పే, కొన్నవాడిదీ తప్పే. విదేశాల నుంచి వచ్చినదైతే అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద పర్మిట్ ఉండాలి. కాగితం లేని రాయిని ముట్టుకోకండి.

అడగాల్సింది మనిషి చేసిన రాయి: సిమెంటూ ఆరగొనైట్ (ఒక రకం క్యాల్షియం కార్బొనేట్) పొడీ కలిపి పోసినది గానీ, పింగాణీలా కాల్చి చేసిన చిల్లుల రాయి గానీ. పొడిగా వస్తుంది, పురుగూ పుట్రా ఉండదు. దాన్ని లైవ్ చేసుకోవడం మన పని. అంతకన్నా మంచి దారి, మీకు తెలిసినవాళ్లెవరైనా ఏళ్లుగా అలాంటి రాయితో ట్యాంకు నడుపుతుంటే ఒక్క పిడికెడు ముక్కలు అడిగి తెచ్చుకోండి. పెరుగులో తోడు లాంటిదది.

ప్రశ్న: గాజువాక నుంచి. పొడి రాయి 16 కిలోలు డబ్బాలో వచ్చింది. అమ్మినాయన "కడిగి పెట్టేయండి, సాయంత్రానికి చేపలు వేసుకోండి" అన్నాడు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షనే కరెక్టు, బాబూ. ఆ డబ్బా ఇంకో రెండు నెలలు ట్యాంకు ముఖం చూడకూడదు. ఇది తొందరగా చెప్పే విషయం కాదు, కాబట్టి వివరంగా రాస్తాను.

ముందు ఎండురాయిని బకెట్లో మామూలు నీళ్లతో, గట్టి బ్రష్షుతో తోమండి. సందుల్లో పొడి ఎంత ఉంటుందంటే మొదటి రెండు బకెట్లు మజ్జిగలా ఉంటాయి. కొత్త రాయికి ఇదే చాలు. ఎవరి ట్యాంకులోంచో వచ్చిన పాత రాయి అయితే మాత్రం లోపల చచ్చిన జీవాల మురికి ఉంటుంది, దానికి బ్లీచ్ కావాలి. వాసనలూ రంగులూ కలపని ద్రవ బ్లీచ్ ఒక వంతు, నీళ్లు పది వంతులు. ప్లాస్టిక్ డ్రమ్ములో, ఆరుబయట, ఒక రోజు. తర్వాత నాలుగైదుసార్లు కడిగి, హైపో కలిపిన నీళ్లలో మళ్లీ ఒక రోజు నానబెట్టండి. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్, అక్వేరియం దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది సాధారణంగా ఇదే. ఆపైన మేడమీద వారం రోజులు ఎండలో వదిలేయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే బ్లీచ్ వాసన అసలు రాకూడదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కొందరు బాత్‌రూం ఆసిడ్‌తో రాయి పై పొర కరిగిస్తారు. అదొక పద్ధతే, కానీ బ్లీచ్ తగిలిన రాయికి ఆసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. మనిషిని ఆస్పత్రికి పంపే సరుకు. నేను ఆసిడ్ జోలికే వెళ్లను, మీరూ వెళ్లకండి.

ఇప్పుడు క్యూరింగ్, అంటే రాయిలో బ్యాక్టీరియాకు కాపురం పెట్టించడం. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి. ఆర్ఓ నీళ్లలో సముద్రపు ఉప్పు మిక్స్ కలిపి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 (వెయ్యికి 35 వంతుల ఉప్పు) చూపేదాకా సరిచూడండి. వంటింటి అయోడైజ్డ్ ఉప్పు పనికిరాదు, అది కేవలం సోడియం క్లోరైడ్. రాళ్లు ముంచి, నీళ్లు తిప్పే పంపు ఒకటి, గాలి బుడగలు వదిలే గాలి రాయి ఒకటి పెట్టండి. హీటరు గురించి పుస్తకాల్లో రాస్తారు, అది చలిదేశాల గొడవ. విశాఖలో గదిలో నీళ్లు వాటంతటవే 27 దగ్గర ఉంటాయి, మేలో 31 దాటుతాయి. లైటు వద్దు. వెలుతురుంటే బ్యాక్టీరియా కన్నా ముందు నాచు ఇల్లు కట్టుకుంటుంది.

ఖాళీ ఇంటికి కాపురం రావాలంటే తిండి ఉండాలి కదా. ఒక చిన్న పచ్చి రొయ్య ముక్క వేయండి, చిటికెన వేలు గోరంత. స్నేహితుల ట్యాంకు నుంచి తెచ్చిన పిడికెడు ముక్కలు ఒక పలచని గుడ్డలో కట్టి రాళ్ల మధ్య పెట్టండి. మూడు నాలుగు రోజులకు అమ్మోనియా టెస్టు ఆకుపచ్చకు తిరుగుతుంది. రొయ్య తీసేయండి. వారానికి రెండుసార్లు టెస్టు చేసి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. మా ఇంట్లో పాల లెక్క పక్కన అమ్మోనియా లెక్క ఉండేది. అమ్మోనియా దిగుతుంటే నైట్రైట్ ఎక్కుతుంది. ఆ నైట్రైట్ చాలామంది ఓపికను పరీక్షిస్తుంది. మూడో వారం, నాలుగో వారం కదలకుండా మొండికేస్తుంది. అప్పుడే అందరూ నాకు ఫోన్ చేస్తారు. ఏమీ చేయకండి. ఒక రోజు చూసేసరికి సున్నా అవుతుంది.

రెండూ సున్నా అయ్యాక పరీక్షగా కొంచెం చేపల మేత వేయండి. మర్నాటికి కూడా రెండూ సున్నాయే అయితే మీ రాయి బతికింది. ఇంకా నైట్రేట్ బాగా ఉంటుంది కాబట్టి సగానికి పైగా నీళ్లు మార్చి అప్పుడు ట్యాంకులోకి తీసుకెళ్లండి. ఈ రోజుల్లోనే ఫాస్ఫేట్ టెస్టు కూడా చేస్తూ ఉండండి. కొన్ని రాళ్లు లోపలి ఫాస్ఫేట్‌ను నెలల తరబడి వదులుతాయి. నీళ్లు మార్చినా మళ్లీ పెరుగుతుంటే డ్రమ్ములోనే ఇంకో నెల ఉంచండి.

నీళ్లు ఆవిరైతే మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఎగిరిపోదు మరి.

పేర్చేటప్పుడు రాళ్లను ఇసుక మీద కాదు, ముందు అడుగున ఆనించి తర్వాత ఇసుక పోయండి. ఇసుకలో గొయ్యి తీసే చేపలు అడుగు తవ్వితే కొండ కూలుతుంది, కొండ పడేది గాజు మీద. వెనక గాజుకు చెయ్యి పట్టేంత ఖాళీ వదలండి. గుహలూ సందులూ ఉండాలి, చేపకు దాక్కునే చోటుంటేనే ధైర్యంగా బయట తిరుగుతుంది.

ప్రశ్న: నేను భీమిలిలో ఇంటర్ చదువుతున్నాను. మా నాన్నగారు అంత డబ్బు పెట్టరు. సిమెంటుతో రాయి నేనే చేసుకోవచ్చా మేడమ్?

జవాబు: భేషుగ్గా. నా ట్యాంకులో ఉన్నవన్నీ 2009లో మా పెరట్లో నేను పోసినవే. సిమెంటు ఒక పాలు, కోళ్ల దాణాలో కలిపే గుల్ల ముక్కలు మూడు పాళ్లు, గల్లుప్పు ఒక పాలు. సిమెంటు ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) గానీ, ఏమీ కలపని తెల్ల సిమెంటు గానీ తీసుకో. వాటర్‌ప్రూఫ్ మందులు కలిపినది, గోడ పుట్టీ వద్దు. నీళ్లు బొటాబొటిగా పోయి, పిడికిట్లో పట్టి నొక్కితే ఉండలా నిలవాలి, చెయ్యి తెరిస్తే పగుళ్లివ్వాలి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. తడి ఇసుకలో గుంటలు తీసి అందులో గట్టిగా అదమకుండా జారవిడువు. అదిమితే చిల్లులు మూసుకుపోతాయి. నేను మొదటి విడత చపాతీపిండిలా మర్దించి పెట్టాను, ఆరు ఇటుకలు తయారయ్యాయి.

నాలుగు రోజులు తడిపి, తర్వాత డ్రమ్ములో మంచినీళ్లలో వేయి. లోపలి ఉప్పు కరిగి చిల్లులు పడతాయి. అప్పటి నుంచి ఓపిక కావాలి. సిమెంటు సున్నం వదిలి నీటి పీహెచ్ 12 దాకా పోతుంది, చేప పడితే నిమిషాల్లో పోతుంది. వారం వారం నీళ్లు మార్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక, మూడు రోజులు నిలవ ఉంచిన నీళ్లు కూడా 8.5 దాటకపోతే అయిపోయినట్టు. ఆ తర్వాత గాజువాక బాబుకు చెప్పిన క్యూరింగ్ అంతా నీకూ ఉంది. మొత్తం నాలుగు నెలలు వేసుకో. ఇంటర్ పరీక్షలు అయ్యాక మొదలుపెట్టు, ముందు కాదు.

ప్రశ్న: అక్కయ్యపాలెం. క్యూరింగ్ అయిన తెల్లటి రాళ్లు ట్యాంకులో పెట్టిన పది రోజులకు తుప్పు పట్టినట్టు గోధుమరంగు తిరిగాయి. మా అత్తగారు తీసి తోమేస్తానంటున్నారు.

జవాబు: అత్తయ్యగారిని ఆపండి. అవి డయాటమ్‌లు, కంటికి కనబడనంత చిన్న నాచు జాతి. కొత్త ట్యాంకులన్నిటికీ వచ్చేవే, కొన్ని వారాల్లో వెళ్లిపోతాయి. తర్వాత పచ్చ నాచు వస్తుంది, దాన్ని నత్తలు చూసుకుంటాయి. అందరూ ఎదురుచూసే ఊదారంగు కోరలైన్ నాచు ఆలస్యంగా వస్తుంది. నా సిమెంటు రాయి మీద మొదటి మచ్చ ఎనిమిదో నెలలో కనిపించింది, పెసరగింజంత. ఆ రోజు పక్కింటివాళ్లను కూడా పిలిచి చూపించాను. వాళ్లకు ఏమీ కనిపించలేదు.

ప్రశ్న: మురళీనగర్. హైదరాబాద్‌లో మా బావగారు ట్యాంకు తీసేస్తూ, తాను చేయించుకున్న సిమెంటు రాళ్లు ఇచ్చారు. వాటి మీద గోధుమరంగు చిన్న చిన్న పువ్వుల్లాంటివి ఉన్నాయి, ముట్టుకుంటే లోపలికి ముడుచుకుంటున్నాయి. ఇంకో చోట గుండ్రటి బొత్తాల్లా గుంపుగా ఉన్నాయి. రాత్రి టక్‌టక్‌మని శబ్దం కూడా వస్తోంది. వేణ్ణీళ్లలో ఉడకబెడితే అన్నీ పోతాయి కదా?

జవాబు: పొయ్యి మీద పెట్టకండి! దయచేసి. ఆ బొత్తాల్లాంటివి జోయాంథిడ్‌లు, అంటే పగడాలకు చుట్టాలైన జీవులు, కావచ్చు. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. రాయి ఉడికిస్తే ఆ విషం ఆవిరితో పాటు గాలిలోకి వస్తుంది, పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలు వేరే దేశాల్లో ఉన్నాయి. ఎండిన రాయిని కూడా బ్రష్షుతో పొడి రేగేలా గీకకండి. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకునే ముట్టుకోండి. అంతగా వద్దనుకుంటే ఆ ఒక్క రాయిని పక్కకు తీసేయండి.

ముడుచుకునే పువ్వులు ఎయిప్టేసియా, కలుపు మొక్కలా పెరిగే ఒక రకం సముద్రపు అనిమోన్. గిల్లితే చిన్న తునక నుంచి కూడా మళ్లీ మొలుస్తాయి. సున్నం ముద్ద చిక్కగా కలిపి, సూది లేని సిరంజితో నోరు మూసేలా మీద పోయండి. పంపు ఆపి చేయాలి. ఒకే రోజు రెండు మూడింటికి మించి చేయకండి, లేకపోతే పీహెచ్ ఎగురుతుంది.

ఇక టక్‌టక్. పిస్టల్ రొయ్య అయితే ఉంచుకోవచ్చు. మాంటిస్ రొయ్య అయితే చేపలు ఒక్కొక్కటే మాయమవుతాయి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కట్టి అర్ధరాత్రి చూడండి, ఎర్ర వెలుగు వాటిని అంతగా బెదరగొట్టదు. శబ్దం వచ్చే రాయి ఏదో తెలిశాక దాన్ని ఒక్కదాన్నే ఎత్తి ఖాళీ బకెట్ మీద పట్టుకోండి, కాసేపటికి నీళ్లతో పాటు జారి పడుతుంది. చేత్తో పట్టబోకండి, గోరు చీలుస్తుంది.

ప్రశ్న: పెదగంట్యాడ. కరెంటు పోతే రాళ్లు ఎంతసేపు బతుకుతాయి?

జవాబు: నీళ్లు కదులుతున్నంతసేపు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో కరెంటు తొమ్మిదో రోజుకు గానీ రాలేదు. మొదటి రెండు రోజులు నేనూ మా అబ్బాయీ వంతులేసుకుని మగ్గుతో నీళ్లు ఎత్తి పోశాం. మంచినీళ్ల కోసం క్యూలో నిలబడి వచ్చి మళ్లీ మగ్గు. మూడో రోజు నిద్రపోయాం. లేచేసరికి నీళ్లు పాలలా అయ్యాయి, కుళ్లిన గుడ్ల వాసన. ఆక్సిజన్ లేక రాళ్లలోని జీవాలు చచ్చాయి, ఆ వెనకే చేపలు. ఆ రాళ్లను మేడమీద పోసి సంక్రాంతి దాకా ఎండబెట్టాను. కాకులు వచ్చి చూసిపోయేవి. తర్వాత బ్లీచ్, హైపో, డ్రమ్ము, అన్నీ మొదటి నుంచి. ఇప్పటికీ అవే రాళ్లు.

ఇప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపులు రెండు కొనిపెట్టుకున్నాను, సెల్స్ వేరుగా పొడి డబ్బాలో ఉంచుతాను. లోపలే ఉంచితే మన తీరపు గాలికి తుప్పు పట్టి అవసరానికి పనిచేయవు. అక్టోబర్ రాగానే కొత్త సెల్స్ మార్చుకోండి.